నిప్పురవ్వకు నెలవు: సొంతంగా కట్టే విమానం ఇంజిన్‌కు ఇగ్నిషన్ కాయిల్ బిగింపు

పెట్రోలు ఇంజిన్ నడవాలంటే ప్రతి సిలిండర్‌లోనూ స్పార్క్ ప్లగ్ కొన దగ్గర సరైన క్షణానికి ఒక నిప్పురవ్వ పుట్టాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులతో ఆ రవ్వ పుట్టదు, దానికి వేల వోల్టులు కావాలి. ఆ పెంపు చేసిపెట్టే సాధనమే ఇగ్నిషన్ కాయిల్. కారులోనూ, మోటార్ సైకిల్‌లోనూ ఇది అరచేతిలో ఇమిడే చిన్న భాగం. అది పాడైతే బండి రోడ్డు పక్కన ఆగుతుంది, మెకానిక్ వచ్చి కొత్తది వేస్తాడు. గాలిలో ఉన్న విమానానికి రోడ్డు పక్క అంటూ ఉండదు. అందుకే సొంతంగా విమానం కట్టుకునేవారు ఏ కాయిల్ కొనాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, దాన్ని ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి అన్న ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టాలి. మంచి కాయిల్ బజారులో దొరుకుతుంది. మంచి చోటు మాత్రం కట్టేవారే వెతికి తయారుచేసుకోవాలి.

కాయిల్‌కు శత్రువులు నాలుగు: వేడి, అదురు, తేమ, సరిగా లేని ఎర్త్. చల్లని దేశంలో ఇవి ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. బహ్రెయిన్ లాంటి చోట నాలుగూ కలిసి వస్తాయి. అరబ్బీలో ఆ పేరుకు ‘రెండు సముద్రాలు’ అని అర్థం. నలువైపులా ఉప్పునీరు, వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ తిరిగే ఎండ, రాత్రిళ్లు కూడా తగ్గని ఉక్కపోత, వాయవ్యం నుంచి దుమ్మును మోసుకొచ్చే షమాల్ గాలి ఆ దీవి వాతావరణం. అక్కడ నిలబడే బిగింపు ఎక్కడైనా నిలబడుతుంది. అందుకే ఈ విషయాన్ని బహ్రెయిన్‌ను ఉదాహరణగా పెట్టుకుని చూస్తే ప్రతి నియమం వెనక ఉన్న కారణం స్పష్టంగా కనబడుతుంది.

సొంత విమానం, దాని ఇంజిన్

విడిభాగాల కిట్‌తోనో, నమూనా చిత్రాలతోనో వ్యక్తులు స్వయంగా కట్టుకునే చిన్న విమానాలను హోమ్‌బిల్ట్ విమానాలు అంటారు. అమెరికాలో వీటికి ‘ప్రయోగాత్మక’ విభాగంలో అనుమతి ఇస్తారు. పనిలో సగానికి మించి కట్టేవారే తమ చేత్తో చేసి ఉండాలన్నది అక్కడి ప్రధాన షరతు. ఇలాంటి ఔత్సాహికుల కోసం పాల్ పోబెరెజ్నీ 1953లో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించారు. భారతదేశంలో ముంబైకి చెందిన పైలట్ అమోల్ యాదవ్ తమ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో పెట్టారు. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ దాన్ని వీటీ-ఎన్‌ఎమ్‌డీ పేరుతో నమోదు చేసింది. దాదాపు ఏ దేశంలోనైనా ఇలాంటి విమానం ఎగరాలంటే ఆ దేశపు పౌర విమానయాన శాఖ అనుమతి తప్పనిసరి. తనిఖీకి వచ్చే అధికారి ఇంజిన్ గదిలో వైర్లనూ, బోల్టులనూ చూస్తాడు.

ఈ విమానాల్లో కొన్నింటికి లైకమింగ్ లాంటి అసలు విమాన ఇంజిన్లు వాడతారు. ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912, ఆస్ట్రేలియాలో తయారయ్యే జబిరు ఇంజిన్లు తేలికపాటి విమానాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజిన్, సుబారు ఇంజిన్ లాంటివాటిని విమానానికి తగ్గట్టు మార్చుకునేవారూ చాలామంది. కారు ఇంజిన్‌ను మార్చినప్పుడు, బ్యాటరీ లేకుండా రవ్వనిచ్చే పాత మాగ్నెటోల చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టినప్పుడు కాయిల్ బిగింపు కట్టేవారి బాధ్యత అవుతుంది. ఫ్యాక్టరీ నుంచి దానికి సిద్ధంగా చోటు రాదు.

కాయిల్ లోపల జరిగేది

కాయిల్‌లో ఇనుప పొరల కడ్డీ చుట్టూ రెండు తీగచుట్లు ఉంటాయి. మొదటిదాంట్లో లావుపాటి తీగ కొన్ని వందల చుట్లు తిరిగి ఉంటుంది. రెండోదాంట్లో వెంట్రుకలాంటి సన్నని తీగ దానికి సుమారు వంద రెట్లు తిరిగి ఉంటుంది. బ్యాటరీ నుంచి మొదటి చుట్టులోకి కరెంటు పంపితే అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. ఆ కరెంటును ఒక్కసారిగా ఆపితే క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కుప్పకూలడంలో మొదటి చుట్టులోనే 300 నుంచి 400 వోల్టులు పుడతాయి, రెండో చుట్టులో అది వంద రెట్లై 30 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా ఎగబాకగలదు. ప్లగ్ కొనల మధ్య ఉన్న ఖాళీని దాటగలిగేంత వోల్టేజి రాగానే రవ్వ పడుతుంది. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి మూలం. ఆ సూత్రంతో మొదటి ప్రేరణ కాయిల్‌ను ఐర్లండ్‌లో మతగురువు, అధ్యాపకుడు అయిన నికొలస్ కాలన్ 1836లో తయారుచేశాడు.

కాయిల్‌లో నిలవ చేసే శక్తి చాలా చిన్నది. 4 మిల్లీహెన్రీల కాయిల్‌లోకి 7 ఆంపియర్ల కరెంటు చేరితే అందులో ఉండేది జౌలులో పదో వంతు మాత్రమే. ఆ కరెంటు నిండడానికి సాధారణంగా 3 నుంచి 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజిన్ 2,700 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే ఒక్క తిరుగుడికి 22 మిల్లీసెకన్లు. నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 90 రవ్వలు కావాలి. అన్నింటికీ ఒకే కాయిల్ ఉంటే రవ్వకూ రవ్వకూ మధ్య దానికి దొరికేది 11 మిల్లీసెకన్లే. రెండు కాయిళ్లు ఉంటే ఒక్కోదానికి 22 మిల్లీసెకన్లు, సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉంటే 44 మిల్లీసెకన్లు దొరుకుతాయి. కాయిళ్ల సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కోదాని మీద పని తగ్గుతుంది, అది తక్కువ వేడెక్కుతుంది.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న విమాన ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేది రెండు మూతుల కాయిల్. దాని రెండు కొనలూ ఒకేసారి పిస్టన్లు పైకి వచ్చే రెండు సిలిండర్లకు వెళ్తాయి. ఒక సిలిండర్ మిశ్రమాన్ని అదుముతూ ఉంటే, రెండోది కాలిన పొగను బయటికి నెడుతూ ఉంటుంది. రెండింటిలోనూ రవ్వ పడుతుంది, పని చేసేది మొదటిదే. రెండోదాన్ని వృథా రవ్వ అంటారు. దాంతో నష్టమేమీ లేదు, పైగా వ్యవస్థ సులువవుతుంది. నాలుగు సిలిండర్లకు రెండు కాయిళ్లు చాలు.

మాగ్నెటో నుంచి కాయిల్ దాకా

రైట్ సోదరుల 1903 నాటి ఇంజిన్‌లో ప్లగ్‌లు లేవు. సిలిండర్ లోపలే రెండు లోహపు ముక్కలు విడిపోతుంటే రవ్వ పడేది, నడుస్తున్నప్పుడు కరెంటు ఒక చిన్న మాగ్నెటో ఇచ్చేది. బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో రూపొందించిన హై టెన్షన్ మాగ్నెటో తరవాతి కాలపు విమానాలకు ప్రాణమైంది. మాగ్నెటో అంటే తిరిగే అయస్కాంతం, కాయిల్, కరెంటును తెంచే మీట, అన్నీ ఒకే పెట్టెలో ఉండే సాధనం. దానికి బ్యాటరీతో పని లేదు, ఇంజిన్ తిరుగుతున్నంతసేపు రవ్వ ఇస్తుంది. బ్యాటరీ, కాయిల్ పద్ధతిని కార్లలో నిలబెట్టినవాడు చార్లెస్ కెట్టరింగ్. 1910 ప్రాంతంలో ఆయన పద్ధతి కాడిలాక్ కార్లలోకి వచ్చింది.

బహ్రెయిన్ గడ్డ మీద వాలిన తొలి ప్రయాణికుల విమానాలూ మాగ్నెటోలతో నడిచినవే. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1932లో లండన్ నుంచి భారతదేశానికి వచ్చే దారిని పర్షియా తీరం నుంచి అరేబియా తీరానికి మార్చినప్పుడు బహ్రెయిన్ ఒక మజిలీ అయింది. ఆ దారిలో తిరిగిన హ్యాండ్లీ పేజ్ విమానాలకు నాలుగేసి బ్రిస్టల్ జూపిటర్ ఇంజిన్లు ఉండేవి. 1950లో ఫ్రెడ్డీ బాస్వర్త్ నమోదు చేసిన గల్ఫ్ ఏవియేషన్, అంటే నేటి గల్ఫ్ ఎయిర్ సంస్థకు మూలం, ఆవ్రో ఆన్సన్ విమానాలతో మొదలైంది. వాటివీ పిస్టన్ ఇంజిన్లే. 1976 జనవరి 21న లండన్ నుంచి కాంకార్డ్ తొలి ప్రయాణికుల సర్వీసు వచ్చి దిగింది బహ్రెయిన్‌లోనే. పెద్ద విమానాలు జెట్ ఇంజిన్లకు మారాక స్పార్క్ ప్లగ్ చర్చ చిన్న విమానాలకే మిగిలింది. అక్కడ మాత్రం అది ఇప్పటికీ జీవన్మరణ చర్చే.

ఎక్కడ బిగించాలి

కాయిల్‌కు సాధారణంగా మూడు చోట్లు ఆలోచిస్తారు: ప్లగ్ మీద, ఇంజిన్ ఒంటి మీద, ఫైర్‌వాల్ మీద.

ప్లగ్ మీదే కూర్చునే కాయిళ్లు నేటి కార్లలో మామూలు. వేల వోల్టులను మోసే పొడవాటి హెచ్‌టీ (హై టెన్షన్) వైర్ల అవసరం ఉండదు, అది పెద్ద లాభం. కానీ కారు ఇంజిన్ నీళ్లతో చల్లబడుతుంది, దాని ప్లగ్ చుట్టూ వేడి అదుపులో ఉంటుంది. గాలితో చల్లబడే విమాన ఇంజిన్‌లో సిలిండర్ హెడ్ మామూలుగానే 150 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లైకమింగ్ ఇంజిన్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 260 డిగ్రీలు. పైగా ఆ ప్లగ్‌లు సిలిండర్ నుంచి బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. వాటి చివర కాయిల్ బరువు వేలాడదీస్తే ప్రతి అదురుకూ అది ఊగుతుంది. అందుకే గాలితో చల్లబడే ఇంజిన్లకు ఈ చోటు నప్పదు. నీళ్లతో చల్లబడే కారు ఇంజిన్‌ను విమానంలో పెట్టినప్పుడు మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చిన చోటునే ఉంచుకోవచ్చు.

రెండో చోటు ఇంజిన్ క్రాంక్‌కేస్ మీద, రెండు వరసల సిలిండర్ల నడుమ ఉండే వెన్ను. అక్కడి నుంచి ప్లగ్‌లకు వైర్లు పొట్టిగా ఉంటాయి. కాయిల్, ప్లగ్, వైరు అన్నీ ఇంజిన్‌తో పాటే కదులుతాయి కాబట్టి వైరు లాగుడు పడదు, ఎర్త్ దారి కూడా నేరుగా ఉంటుంది. దీని లోపం వేడి, అదురు.

మూడో చోటు ఫైర్‌వాల్. ఇంజిన్ గదినీ పైలట్ గదినీ వేరుచేసే లోహపు గోడ అది. తేలికపాటి విమానాల్లో దానికి సుమారు 0.38 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడతారు. అక్కడ అదురు తక్కువ, వేడి కూడా తక్కువ. కానీ ప్లగ్‌ల దాకా హెచ్‌టీ వైర్లు పొడవవుతాయి. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడూ, ఆగేటప్పుడూ కంటికి కనబడేంతగా ఊగుతుంది, ఫైర్‌వాల్ మాత్రం కదలదు. కాబట్టి ఆ వైర్లకు ఊగుడును భరించేంత సడలింపు ఇవ్వాలి. పల్చని రేకుకు కాయిల్‌ను నేరుగా బిగిస్తే రేకు చీలుతుంది, వెనక అదనపు పట్టీ వేయాలి. ప్రతి చిల్లునూ మంటను తట్టుకునే సీలెంట్‌తో మూయాలి. పెట్రోలు గొట్టాలకూ వాటి కలయికలకూ కాయిల్ వీలైనంత దూరంగా ఉండాలి. అది రవ్వ పుట్టించే సాధనమన్న సంగతి ఎప్పుడూ మరవకూడదు.

ఈ మూడింటిలో తిరుగులేని చోటు ఏదీ లేదు. చల్లని దేశంలో ఇంజిన్ వెన్నే సులువైన జవాబు. బహ్రెయిన్ వేసవిలో తూకం ఫైర్‌వాల్ వైపు, లేదా చల్లగాలి తగిలే ముందువైపు బ్యాఫిల్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు) దగ్గరికి మొగ్గుతుంది. వైరు పొడవు పెరగడం వల్ల వచ్చే ఇబ్బందిని మంచి వైరుతో, మంచి ఎర్త్‌తో సరిచేయవచ్చు. వేడికి దెబ్బతిన్న కాయిల్‌ను సరిచేసే దారి లేదు.

అయస్కాంతాలతో నడిచే కాయిళ్లది వేరే లెక్క. జబిరు లాంటి ఇంజిన్లలో తిరిగే ఫ్లైవీల్‌కు అయస్కాంతాలు ఉంటాయి, వాటి పక్కనే కాయిల్ స్థిరంగా ఉంటుంది. ఇక్కడ చోటు ఎంచుకునే స్వేచ్ఛ లేదు. కాయిల్‌కూ చక్రానికీ మధ్య ఖాళీ సుమారు పావు మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజ్ కానీ, ఆ మందం ఉన్న విజిటింగ్ కార్డు ముక్క కానీ మధ్యలో పెట్టి బిగిస్తారు. ఖాళీ ఎక్కువైతే స్టార్ట్ అయ్యే వేగంలో రవ్వ బలహీనమవుతుంది, తక్కువైతే కాయిల్ చక్రానికి రాసుకుంటుంది.

వేడి: అసలు పరీక్ష ఇంజిన్ ఆగాకే

కాయిల్‌లోని రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 0.5 ఓమ్‌లు ఉన్న మొదటి చుట్టు 100 డిగ్రీలకు చేరితే 0.66 ఓమ్‌లు అవుతుంది. అదే బ్యాటరీతో, అదే సమయంలో కాయిల్‌లోకి చేరే కరెంటు తగ్గుతుంది, దానితో నిలవ శక్తి ఇంకా వేగంగా పడిపోతుంది. శక్తి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కనక కరెంటు పదో వంతు తగ్గితే శక్తి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. తీగల మధ్య ఉన్న రెసిన్ పొరలకు వేడి ఇంకా ప్రమాదకరం. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఇన్సులేషన్ ఆయువు సగమవుతుందన్నది విద్యుత్ ఇంజినీర్లు పాటించే స్థూలమైన లెక్క. ఎలక్ట్రానిక్ భాగాలు అంతకంటే సున్నితం. రోటాక్స్ 912 ఇగ్నిషన్ మాడ్యూళ్లకు తయారీదారు పెట్టిన పరిమితి 80 డిగ్రీలు.

విమానం ఎగురుతున్నంతసేపు ఇంజిన్‌ను కప్పి ఉంచే కౌలింగ్ లోపలికి గాలి దూసుకువస్తుంది. నేల మీద టాక్సీ చేస్తూ తన వంతు కోసం ఆగినప్పుడు ఆ గాలి తగ్గుతుంది. ఇంజిన్ ఆపిన తరవాత పూర్తిగా ఆగిపోతుంది. సిలిండర్లలో, ఎగ్జాస్ట్ గొట్టాల్లో నిలిచిన వేడి పైకి లేచి కౌలింగ్ లోపల చిక్కుకుంటుంది. కాయిల్ అత్యధిక వేడిని చూసేది ఇంజిన్ ఆగిన తరవాతి పావుగంటలోనే. 10 డిగ్రీల చలిలో ఆగిన విమానానికి దొరికే ఉపశమనం 43 డిగ్రీల ఎండలో, కాలే తారు మీద నిలబడ్డ విమానానికి దొరకదు. ఆ స్థితిలో ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేస్తే వేడెక్కిన కాయిల్, స్టార్టర్ లాగుడుకు వోల్టేజి పడిపోయిన బ్యాటరీ ఒకేసారి కలుస్తాయి. బలహీన కాయిల్ దొరికిపోయేది అప్పుడే.

దీనికి విరుగుళ్లు సాదా పనులే. బ్యాఫిల్‌కు చిన్న చిల్లు పెట్టి, 16 నుంచి 25 మిల్లీమీటర్ల గొట్టంతో చల్లగాలిని కాయిల్ మీదికి మళ్లిస్తారు. దీన్ని బ్లాస్ట్ ట్యూబ్ అంటారు, మాగ్నెటోలకూ ఇదే ఏర్పాటు. ఎగ్జాస్ట్ గొట్టం కనుచూపులో కాయిల్ ఉండకూడదు, తప్పనప్పుడు మధ్యలో రేకు తెర కట్టాలి. ఆగాక వేడి పైనుంచి పోవడానికి కౌలింగ్ మీద చిన్న తలుపు ఉంచి, విమానం నిలిపిన వెంటనే తెరవాలి. అన్నింటికంటే ముఖ్యం కొలవడం. ఒక పరిమితి దాటగానే శాశ్వతంగా రంగు మారే ఉష్ణోగ్రత పట్టీలు దొరుకుతాయి. కాయిల్ ఒంటికి ఒకటి అంటించి, వేసవి మధ్యాహ్నం ఒకసారి నడిపి, ఆపి, అరగంట తరవాత చూస్తే ఊహతో పని ఉండదు.

అదురు, బ్రాకెట్

2,700 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు 45 సార్లు తిరుగుతుంది, 90 సార్లు పేలుతుంది. బ్రాకెట్‌కు సహజంగా ఉండే కంపన వేగం ఈ రెండింటిలో దేనికైనా దగ్గరగా ఉంటే ఊయలను సరైన సమయంలో తోసినట్టు అదురు పెరుగుతూ పోతుంది, చివరికి లోహం అలసి పగులుతుంది. అందుకని బ్రాకెట్ బిర్రుగా, పొట్టిగా ఉండాలి. ఒక కొన పట్టుకుని రెండో కొన గాలిలో వేలాడే పొడవాటి పట్టీ పనికిరాదు. అల్యూమినియం యాంగిల్‌తో చేసి, మూలకు త్రికోణపు ముక్క వేస్తే బిగువు వస్తుంది. చిల్లులను నునుపు చేయాలి, వంపుల దగ్గర పదును ఉండకూడదు. పగుళ్లు మొదలయ్యేది గీతల దగ్గర, పదును మూలల దగ్గరే.

కాయిల్ ప్లాస్టిక్ ఒంటి మీద బోల్టు నేరుగా నొక్కకూడదు. బిగుతు పడాల్సింది చిల్లులో ఉండే లోహపు గొట్టం మీదే. నైలాన్ ఉంగరం ఉన్న లాక్ నట్లు 120 డిగ్రీల దగ్గర పట్టు కోల్పోతాయి కనక ఇంజిన్ గదిలో పూర్తి లోహపు లాక్ నట్లే వాడాలి. బిగించాక నట్టు నుంచి బ్రాకెట్ మీదికి ఒక గీత రంగు పూస్తే, తరవాత ఎప్పుడు చూసినా నట్టు కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఉప్పుగాలి ఉన్న చోట స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం బ్రాకెట్ కలిసిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. రెండింటి మధ్య ప్రైమర్ కానీ, తుప్పు నిరోధక లేపనం కానీ ఉండాలి.

హెచ్‌టీ వైర్లు, తేమ, ఉప్పు

సముద్ర మట్టం దగ్గర మామూలు గాలి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. ఆ లెక్కన 30 వేల వోల్టులు ఒక సెంటీమీటరు ఖాళీని దూకగలవు. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచనై ఆ ఓర్పు తగ్గుతుంది. 5,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సగమే. ఎత్తులో ఎగిరే కొన్ని విమానాల్లో మాగ్నెటో పెట్టెలోకి ఒత్తిడి గాలి పంపేది ఇందుకే. వేడి గాలి కూడా పలచనే. సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉండే బహ్రెయిన్‌లోని ముహర్రఖ్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన రోజున గాలి సాంద్రత సుమారు 1,100 మీటర్ల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. కౌలింగ్ లోపల అది ఇంకా పలచన. కాబట్టి కాయిల్ మూతికీ దగ్గరలోని లోహానికీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఎడం ఉంచడం మంచి అలవాటు.

తేమ చేసే హాని వేరు. కాయిల్ ఒంటి మీద దుమ్ము, ఉప్పు పేరుకున్నప్పుడు పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. తేమ తగిలితే ఆ పొర కరెంటును మోస్తుంది. సన్నని రవ్వలు ఉపరితలం మీద పాకి ప్లాస్టిక్‌ను మసి చేస్తాయి. మసి కరెంటుకు ఇంకా మంచి దారి అవుతుంది. ఒకసారి ఆ నల్లని చార ఏర్పడితే తుడిచినా లాభం లేదు, కాయిల్ మార్చాల్సిందే. గల్ఫ్ గాలిలో తేమ ఎంతో చెప్పడానికి ఒక అంకె చాలు. బహ్రెయిన్ నుంచి కింగ్ ఫహద్ కాజ్‌వే దాటితే వచ్చే దహ్రాన్‌లో 2003 జూలై 8న తుషార బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలుగా నమోదైంది. ప్రపంచంలో నమోదైనవాటిలో దాన్నే అత్యధికంగా చెబుతారు. ఏసీ హాంగర్‌లో 24 డిగ్రీల దగ్గర ఉన్న ఇంజిన్‌ను అలాంటి గాలిలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆరేదాకా స్టార్ట్ చేయకుండా ఆగడం, లేదా ముందే హాంగర్ తలుపులు తెరిచి ఇంజిన్‌ను బయటి వేడికి అలవాటు పడనివ్వడం మంచిది.

కాయిల్ మూతులు కిందికి కానీ పక్కకు కానీ తిరిగి ఉంటే వాటిలో నీరు నిలవదు. వైరు కాయిల్ దగ్గరికి వచ్చే ముందు కొంచెం కిందికి వంగి మళ్లీ పైకి ఎక్కితే, జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. రబ్బరు తొడుగుల లోపల సిలికాన్ గ్రీజు పూయాలి. చిన్న వోల్టేజి వైపు కనెక్టర్లు రబ్బరు సీలు ఉన్నవి వాడాలి, లేకపోతే రాగి టెర్మినళ్లకు చిలుము పడుతుంది. వైర్లను ఇంజిన్ మౌంట్ గొట్టాలకు ప్లాస్టిక్ టై పట్టీలతో కట్టడం తప్పు. వాటి కింద చేరిన ఇసుక అదురుకు ఆకురాయిలా గొట్టాన్ని అరగదీస్తుంది. రబ్బరు పొర ఉన్న లోహపు క్లాంపులతోనే పట్టాలి.

ఎర్త్, రేడియో

ప్లగ్ దగ్గర రవ్వగా దూకిన కరెంటు అక్కడితో అయిపోదు. అది ఇంజిన్ ఒంట్లోంచి మళ్లీ కాయిల్‌కు చేరాలి. కాయిల్ ఇంజిన్ మీదే ఉంటే ఆ దారి సహజంగా ఉంటుంది. ఫైర్‌వాల్ మీద ఉంటే మధ్యలో రబ్బరు మౌంట్లు అడ్డం, రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజిన్ నుంచి కాయిల్ బ్రాకెట్‌కు అల్లిన రాగి పట్టీతో బలమైన ఎర్త్ ఇవ్వకపోతే ఆ కరెంటు తనకు దొరికిన దారిలో పోతుంది. కంట్రోలు తీగలు, బేరింగులు, సెన్సర్ వైర్లు దానికి దారులవుతాయి. ఇగ్నిషన్ కంప్యూటర్ ఉన్నట్టుండి తడబడటానికి ఇది తరచుగా కనిపించే కారణం. ఎర్త్ తగిలే చోట రంగు గీకి, శుభ్రమైన లోహానికి బిగించి, తరవాత పైన పూత వేయాలి. ఉప్పుగాలిలో అలా చేయని ఎర్త్ కొద్దికాలంలోనే తుప్పు పట్టి వదులవుతుంది.

రేడియో మొదటి రోజుల్లో సంకేతాలు పంపింది ఇలాంటి ప్రేరణ కాయిల్ రవ్వలతోనే. కాబట్టి ప్రతి ఇగ్నిషన్ కాయిల్ తెలియకుండానే ఒక చిన్న ప్రసార కేంద్రం. విమాన సంభాషణలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎం పద్ధతిలో నడుస్తాయి, ఆ పద్ధతి ఇలాంటి చిటపటలను నేరుగా హెడ్‌సెట్‌లోకి తెస్తుంది. బహ్రెయిన్ లాంటి రద్దీ గగనతలంలో కంట్రోలర్ చెప్పిన ఒక్క అంకె చెవిన పడకపోయినా ప్రమాదమే. రెసిస్టర్ ఉన్న ప్లగ్‌లు, సర్పిలంగా చుట్టిన తీగ ఉన్న హెచ్‌టీ వైర్లు లేదా లోహపు అల్లిక తొడుగు ఉన్న వైర్లు, పొట్టి ఎర్త్ దారి కలిస్తే ఆ చప్పుడు అణగుతుంది. హెచ్‌టీ వైర్లను యాంటెనా తీగలకూ, సెన్సర్ వైర్లకూ దూరంగా నడపాలి. దాటక తప్పనప్పుడు వాటికి అడ్డంగా దాటించాలి తప్ప పక్కపక్కనే నడపకూడదు.

రెండు దారులు

విమాన ఇంజిన్‌లో సిలిండర్‌కు రెండు ప్లగ్‌లు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇగ్నిషన్ వ్యవస్థలు ఉండటం పాత సంప్రదాయం. కాయిల్ బిగింపులో ఆ సంప్రదాయాన్ని కాపాడాలంటే రెండు వ్యవస్థల కాయిళ్లు ఒకే బ్రాకెట్ మీద, ఒకే కనెక్టర్ మీద, ఒకే ఎర్త్ బోల్టు మీద ఉండకూడదు. ఒక్క బోల్టు వదులైతే రెండూ ఆగిపోయే ఏర్పాటు పేరుకే రెండు. కాయిల్‌కు బ్యాటరీ కావాలి కాబట్టి చాలామంది ఒక మాగ్నెటోను ఉంచుకుని రెండో దాని చోటులో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడతారు. రెండూ ఎలక్ట్రానిక్ అయితే రెండో బ్యాటరీ, విడి ఫ్యూజు, విడి స్విచ్ తప్పవు. వేడికి బ్యాటరీ ఆయువు తగ్గే దేశంలో ఆ రెండో బ్యాటరీని కూడా ఇంజిన్ గదిలో కాక చల్లని చోట పెట్టాలి.

పరీక్షలు

బిగింపు పూర్తయ్యాక మొదట ఓమ్ మీటరుతో కాయిల్ నిరోధాలు కొలిచి రాసిపెట్టుకోవాలి. నేటి కాయిళ్లలో మొదటి చుట్టు చాలావాటిలో ఒక ఓమ్‌లోపే ఉంటుంది, రెండోది వేల ఓమ్‌లలో ఉంటుంది. తరవాత వేడిగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచి పోలిస్తే కాయిల్ ఆరోగ్యం తెలుస్తుంది. వైరు తగిలించకుండా కాయిల్‌ను ఎప్పుడూ నడపకూడదు. రవ్వకు దారి దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుని పోతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు కరెంటు ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను చేత్తో కొంచెం తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు. స్విచ్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరుగుతుందన్న జాగ్రత్తతోనే దాని దగ్గరికి వెళ్లాలి.

చీకటి పడ్డాక విమానాన్ని కట్టిపెట్టి, కౌలింగ్ తీసి, ఇంజిన్ నడిపి, ప్రొపెల్లర్‌కు దూరంగా నిలబడి చూస్తే లీకవుతున్న వోల్టేజి నీలం మెరుపులుగా కనబడుతుంది. పగలు కంటికి ఆనని లోపం రాత్రి దాగదు. ఆ తరవాత 1,700 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఒక్కో వ్యవస్థను ఆపి చూస్తారు. వేగం కొద్దిగా పడటం సహజం. 150 నుంచి 175 ఆర్‌పీఎం లోపు ఉండటం మామూలు, కచ్చితమైన అంకె ఆ ఇంజిన్ పుస్తకం చెబుతుంది. అసలు పడకపోతే ఆపిన వ్యవస్థ నిజానికి ఆగనే లేదని అర్థం, అదీ లోపమే. అదే పరీక్షను రేడియో ఆన్ చేసి ఒకసారి, ఇంజిన్ వేడిగా ఆగి పావుగంట అయ్యాక ఒకసారి చేయాలి. గల్ఫ్ వేసవిలో ఆ రెండోది వదలకూడదు.

మొదటి కొద్ది గంటలు ఎగిరాక, ఆపైన ప్రతి ఆయిల్ మార్పుకూ కౌలింగ్ తీసినప్పుడల్లా బోల్టుల మీది రంగు గీతలు, బ్రాకెట్ మూలలు, వైర్లు రాసుకునే చోట్లు, కాయిల్ మూతుల దగ్గర మసి చారలు, ఎర్త్ పట్టీ చివరలు, ఉష్ణోగ్రత పట్టీ రంగు చూడాలి. షమాల్ వీచిన వారంలో కాయిల్ ఒంటి మీది దుమ్మును పొడిగుడ్డతో తుడవాలి. ఈ తనిఖీకి పట్టేది పది నిమిషాలు. చూసినదాన్ని లాగ్‌బుక్‌లో తేదీతో రాస్తే, తరవాతి తనిఖీ చేసేవారికి ఏది మారిందో తెలుస్తుంది.